క్రీస్తులో నేనెవరు? మందిరం మెట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన అయ్యాక మా యూత్ పిల్లలు మందిరం వెనక మెట్ల మీద చేరతారు. మైకు ముందు ఎవరూ అడగని ప్రశ్నలు అక్కడ బయటికొస్తాయి. చాలా ఏళ్ళుగా సండే స్కూలూ యూతూ నేనే చూసుకుంటున్నాను కాబట్టి అవన్నీ నా దగ్గరికే వస్తాయి. నేను పాస్టర్ని కాను, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. బ్యాంకులో ఉద్యోగం. మా తాతలది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు కుటుంబం. హైదరాబాదు వచ్చి స్థిరపడ్డాం. ఈ జవాబుల్లో ఆ యాస కొంచెం వినపడుతుంది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకీ, లూథరన్ వాళ్ళకీ, పెంతెకోస్తు వాళ్ళకీ అక్కడక్కడ తేడాగా అనిపిస్తే అనిపించొచ్చు.

"క్రీస్తులో నేనెవరు" అని ప్రసంగాల్లో తెగ వింటాం. అసలు దానర్థం ఏమిటి?

కొత్త మనిషి కనపడగానే మనవాళ్ళు మూడు అడుగుతారు: ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చేస్తుంటావు. నాలుగోది నేరుగా అడగరు. "ఇంటిపేరేంటి బాబూ" అంటూ చుట్టు తిరిగి అక్కడికే వస్తారు. ఈ నాలుగు జవాబులూ కలిపితే వచ్చేదాన్నే మనం "నేను" అనుకుంటూ పెరుగుతాం.

బైబిలు వీటిని కొట్టిపారేయదు. మత్తయి సువార్త మొదలయ్యేదే యేసు ఎవరి తాలూకు అన్న లెక్కతో, పదిహేడు వచనాలు అదే. అయితే ఈ నాలుగింటికీ ముందు ఒక మాట ఉందంటుంది. యెషయా 43లో ఉంది: "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు." ఏ ఊరో, ఏం చదివావో అడగక ముందే సొంతం చేసుకున్న పిలుపు అది.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం యొర్దాను నది దగ్గరి సంగతి. యేసు నీళ్ళలోంచి పైకి రాగానే "ఈయనే నా ప్రియ కుమారుడు" అని ఆకాశం నుంచి మాట వినపడింది. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. కొడుకన్న మాట ముందు వచ్చింది, పని ఆ తరవాత మొదలైంది. మన ఇళ్ళలో వరస తిరగబడి ఉంటుంది: ముందు ర్యాంకు, ఆ తరవాతే "మా వాడు". కింద నేను చెప్పేదంతా ఈ వరస గురించే.

నేను పుట్టుకతోనే క్రైస్తవుణ్ని. నాకూ ఈ వెతుకులాట అవసరమా?

అవసరమే. "మా నాన్నకి ఈత వచ్చు, కాబట్టి నేను మునగను" అంటే కాలవ ఒప్పుకోదు కదా. నీకొదేము పుట్టుకతో యూదుడు, పైగా బోధకుడు. ఆయనతోనే యేసు మళ్ళీ పుట్టాలన్నాడు.

అలాగని సాక్ష్యం (దేవుడు నన్నెలా మార్చాడో సంఘం ముందు చెప్పే మాట) చెప్పడానికి నా దగ్గర తాగుడూ లేదు, పేకాటా లేదు, నాది రక్షణేనా అని కంగారు పడకండి. తిమోతి విశ్వాసం అవ్వ లోయి నుంచీ తల్లి యునీకే నుంచీ వచ్చిందని పౌలే రాశాడు. నాటకీయమైన మలుపేమీ లేదు. వంటింట్లో విన్న ప్రార్థన ఏదో ఒక రోజు మన సొంత నోటితో చేయడం మొదలవుతుంది. కొందరికి తేదీ గుర్తుంటుంది, కొందరికి ఉండదు.

బాప్తిస్మం తీసుకుంటే పేరు మార్చుకోవాలా?

అక్కర్లేదు. మార్చుకోకూడదని కూడా లేదు. కానీ దీని చుట్టూ చాలా అపోహలున్నాయి.

మొదటిది: "సౌలు రక్షింపబడి పౌలయ్యాడు" అన్నది. క్రీస్తు ఎదురైన దమస్కు దారిలో ఆయన పేరు మారలేదు. ఆ తరవాత కూడా కొన్ని అధ్యాయాల దాకా అపొస్తలుల కార్యాలు ఆయన్ని సౌలు అనే పిలుస్తుంది. పదమూడో అధ్యాయంలో "పౌలు అనబడిన సౌలు" అని కనపడుతుంది. ఒకటి హెబ్రీ పేరు, ఇంకొకటి రోమా పేరు. మనింట్లో బుజ్జి, బడిలో వెంకట రమణ ఉన్నట్టే. పేరు మార్చింది సీమోనుకి: పేతురు అని యేసే పెట్టాడు.

రెండోది: పాత దేవతల వాసన ఉన్న పేర్లు పనికిరావన్నది. కొత్త నిబంధనలో ఫీబే ఉంది, అపొల్లో ఉన్నాడు, ఎపఫ్రొదితు ఉన్నాడు. మొదటి రెండూ గ్రీకు దేవతల పేర్ల నుంచి వచ్చినవే, మూడోది అఫ్రొదితే అనే దేవత పేరు మీద పెట్టినది. వాళ్ళని పేర్లు మార్చుకొమ్మని పౌలు ఎక్కడా రాయలేదు; ఆ పేర్లతోనే మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశాడు. కాబట్టి మీ పేరు లక్ష్మి అయినా శ్రీనివాస్ అయినా నీళ్ళలోకి దిగడానికి అడ్డు కాదు.

మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కెనడాలో ఇంజనీరింగు చదువుతూ క్రీస్తుని నమ్మిన భక్త సింగ్ గారు 1950లో హైదరాబాదులో హెబ్రోను మందిరం మొదలుపెట్టారు. 2000లో కన్నుమూసే దాకా సింగ్ అన్న పేరుతోనే ఉన్నారు. తెలుగునాట వేలమంది ఆ పేరుని ప్రేమగా పలికారు. ఆయన సభల్లో అందరూ చాపల మీదే కూర్చునేవాళ్ళు, ఒకే పంక్తిలో భోంచేసేవాళ్ళు. పేరు మారలేదు కానీ పంక్తి మారింది.

అయితే పేరు మార్చుకోవడం కొందరికి ఊపిరి. ఊళ్ళో దొరలు "ఒరే" అనీ "ఒసే" అనీ తప్ప పేరు పెట్టి పిలవని రోజుల్లో, మందిరం రిజిస్టరులో "అమ్మ" చేర్చి రాసిన పేరు చిన్న విషయం కాదు. కరుణమ్మ, దీనమ్మ, కృపావరం, సంతోషం, దేవదాసు లాంటివి విదేశీ పేర్లు కావు, అచ్చంగా మన నేల మీద మొలిచిన క్రైస్తవ పేర్లు. మా నాన్నమ్మకీ అలా రెండు పేర్లుండేవి. ఆ సంగతి చివర్లో చెబుతాను.

క్రీస్తులోకి వస్తే కులం పోతుందా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం మెట్ల మీద నవ్వులు ఆగిపోతాయి.

వాక్యం స్పష్టం. గలతీ 3:28 మన అందరికీ కంఠతా వచ్చు: యూదుడని గ్రీసు దేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు, పురుషుడని స్త్రీ అని లేదు. చరిత్ర కూడా కొంత దూరం తోడొస్తుంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేసిన కాలం చూడండి. 1867 జనవరి 1న అక్కడి సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అంతకు ముందు ఏడాదే బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. అప్పటికే రాజయోగ సాధన చేసి, దేవుణ్ని వెతుకుతూ తిరిగిన మనిషి. ఎవరో వచ్చి ఈయన చేతిలో గుర్తింపు పెట్టలేదు. వెతుక్కుంటూ నడిచి వచ్చాడు, తరవాత తనవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు.

మాదిగల్ని చేర్చుకుంటే పై కులాలవాళ్ళు రారని క్లౌకి ఊళ్ళో పెద్దలు చెప్పారట. ఆ రాత్రి ఆయనా, ఆయన భార్యా ఎవరికి వారు వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనపడిందని మా ఇళ్ళలో చెప్పుకుంటారు. ఘనులూ గొప్ప వంశంవాళ్ళూ ఎక్కువమంది పిలవబడలేదు, లోకం నీచమనుకునేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మొదటి కొరింథీ మొదటి అధ్యాయం. దాంతో ఆయన వెనక్కి తగ్గలేదు.

చేరినవాళ్ళకి అడిగిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇప్పుడు వింటే ఏదో క్రమశిక్షణ పట్టికలా ఉంటుంది. ఆ రోజుల్లో ఊరి వెట్టి మీద బతికేవాడు "ఈ రోజు రాను" అనడం అంటే ఏమిటో ఊహించండి. వారానికి ఒక్క రోజు తన ఒంటి మీద తనకి హక్కు వచ్చినట్టు. దెబ్బలు తిన్నారు, బావి నీళ్ళు ఆపించుకున్నారు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇప్పించాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని ఆ సాయం జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. ఈ సంఖ్యని మా మందిరంలో గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం సంఖ్య కన్నా ఆ ఆపిన నెలలే ముఖ్యంగా కనపడతాయి.

ఇక రెండో పక్క కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఏ పెళ్ళిళ్ళ ప్రకటన చూసినా "క్రిస్టియన్ మాల", "క్రిస్టియన్ మాదిగ", "ఆర్‌సీఎం రెడ్డి" అని ఉంటుంది. కొన్ని ఊళ్ళలో ఒకే క్రీస్తుకి రెండు పల్లెల్లో రెండు మందిరాలు. గలతీ పత్రిక కంఠతా చెప్పే పెద్దాయనే కూతురి సంబంధం దగ్గర ఇంటిపేరు ఆరా తీస్తాడు. ఆ పెద్దల్లో మా బంధువులూ ఉన్నారు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు క్రైస్తవ ఇంట్లో పెరిగినా కులం ఆయన్ని వదల్లేదు. కులమతాల గీతల్లో ఇమడనని, తనని తాను విశ్వనరుడని చెప్పుకున్నారు. ఆయన "క్రీస్తు చరిత్ర"కి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. హైదరాబాదు కాథలిక్ ఆర్చిబిషప్పు పూల ఆంథోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి చేరిన మొదటి మనిషి ఆయనే. ఇంత పాత సంఘంలో "మొదటి" అన్న మాటకి 2022 దాకా ఆగాల్సి వచ్చిందన్నది కూడా గమనించండి.

కాబట్టి నా జవాబు: నీళ్ళలో కులం పోదు. నీ విలువని నిర్ణయించే అధికారం దానికి పోతుంది. మిగతాది పెళ్ళిళ్ళ దగ్గరా, పంక్తి భోజనాల దగ్గరా, శ్మశానాల దగ్గరా మనం పోగొట్టాల్సిందే.

మరి సర్టిఫికెట్‌లో ఏం రాయించాలి? ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి రాస్తే తప్పా?

ముందు చట్టం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులకీ ముస్లిములకీ లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే విభాగంలో ఉంచారు, రిజర్వేషను 1 శాతం. ఎస్టీ హోదాకి మతం షరతు లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం కుదరదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మతం మారిన దళితుల సంగతి పరిశీలించమని 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కేంద్రం ఒక కమిషన్ కూడా వేసింది.

ఇప్పుడు నా మాట. మతం మారినా వివక్ష మారనప్పుడు, హోదా మాత్రం మారడం అన్యాయమనే నా అభిప్రాయం. దాన్ని చట్టంతోనే మార్పించుకోవాలి. కానీ ఒక కాగితం మీద ఒకలా, ప్రభువు బల్ల దగ్గర (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోట) ఇంకోలా ఉండటం లోపల మనిషిని చీలుస్తుంది. ఇంటర్‌వ్యూ రోజు మెడలో సిలువ తీసి జేబులో వేసుకున్న కుర్రాడు ఒకడు నాతో అన్నాడు: "అన్నా, ఉద్యోగం వచ్చింది గానీ ఆ జేబు ఇంకా బరువుగానే ఉంది." అతన్ని నేను తిట్టలేదు. మీరూ తిట్టకండి, ఆ ఇంటి అప్పులు మీకు తెలియవు. మీ కాగితాల సంగతి ఏదైనా తేల్చుకోవాలంటే మందిరంలో కబుర్లు విని కాదు, తెలిసిన వకీలుని అడిగి తేల్చుకోండి.

ఇది తెల్లవాళ్ళ మతం కదా, తెలుగుతనం ఏమవుతుంది అంటారు. ఏం చెప్పాలి?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూపించండి. పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ బాణీకి బాట వేసినవాళ్ళలో పురుషోత్తమ చౌదరి గారొకరు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి తెలుగులో కీర్తనలు కట్టిన మనిషి. పల్లెల్లో ముసలమ్మలు చదువు రాకపోయినా ఆ కీర్తనలు చరణాలకి చరణాలు పాడేవాళ్ళు.

వీలైతే డోర్నకల్ వెళ్ళి 1939లో ప్రతిష్ఠించిన చర్చి చూడండి. మసీదు గుమ్మటాలూ, గుడి మండపం లాంటి స్తంభాలూ, సిలువా ఒకే కట్టడంలో. దాన్ని తలపెట్టిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, 1912లో అభిషేకం. ఆయన తమిళుడు, మనకోసం తెలుగు నేర్చుకున్నారు.

మిషనరీలు దొరల ఓడల్లోనే వచ్చారన్నదీ నిజమే. దాచక్కర్లేదు. కానీ నా విశ్వాసం ఏ ఓడలో వచ్చిందన్నదాని కన్నా, మా నాన్నమ్మ దాన్ని ఏ రాగంలో పాడిందన్నదే నాకు దగ్గర.

మా ఇంట్లో అందరూ హిందువులు. నేను నమ్మితే అమ్మానాన్నని వదిలేసినట్టేనా? బొట్టూ, తాళీ, పండగలూ?

వదలకండి. సిలువ మీద ప్రాణం పోతున్న సమయంలో కూడా యేసు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. "తల్లిదండ్రులను సన్మానింపుము" అన్న ఆజ్ఞలో "వాళ్ళు విశ్వాసులైతేనే" అని లేదు. అమ్మకి సేవ చేయడం తగ్గి, వాదించడం పెరిగిందంటే నీ గుర్తింపు ఇంకా క్రీస్తులో కుదురుకోలేదనే నేననుకుంటాను. కుదురుకున్నవాడికి ప్రతిసారీ గెలవాల్సిన పని ఉండదు.

బొట్టు విషయంలో సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఆర్‌సీఎం వాళ్ళలో చాలామంది పెట్టుకుంటారు, ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావరకు పెట్టుకోరు. సిలువ గుర్తున్న తాళిబొట్టు కట్టే సంఘాలున్నాయి, ఉంగరంతో సరిపెట్టేవీ ఉన్నాయి. ప్రసాదం సంగతి మొదటి కొరింథీ ఎనిమిదో అధ్యాయం చదవండి: విగ్రహం వట్టిదని తెలిసినా, నీ తిండి వల్ల బలహీనుడి మనస్సాక్షి దెబ్బ తినకూడదన్నది అక్కడి లెక్క. నా మటుకు నేను పూజలో పాలుపంచుకోను. సంక్రాంతికి పక్కింటివాళ్ళు పంపిన అరిసెలు మాత్రం తింటాను, క్రిస్‌మస్‌కి కేకు పంపుతాను. ఇంతకన్నా కఠినంగా ఉండేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. బొట్టు లేనంత మాత్రాన క్రీస్తు ఉన్నట్టు కాదు, అంతే.

మార్కులు రాలేదు, ఉద్యోగం పోయింది. నేనెందుకూ పనికిరానివాణ్ననిపిస్తోంది.

అమీర్‌పేట హాస్టళ్ళ నుంచీ, ఈ మధ్య డల్లాస్ నుంచీ ఒకే ప్రశ్న వస్తోంది. అక్కడ లేఆఫ్ అయితే ఉద్యోగంతో పాటు వీసా గడియారం కూడా నడవడం మొదలవుతుంది. ఆ భయాన్ని ఒక వచనంతో తుడిచేయలేను.

లూకా పదిహేనో అధ్యాయం మాత్రం నెమ్మదిగా చదవమంటాను. తప్పిపోయిన చిన్నకొడుకు పందుల దగ్గర కూర్చుని, నాన్నతో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటాడు. అందులో మూడో ముక్క: "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము." ఇంటికొచ్చాక మొదటి రెండు ముక్కలూ చెబుతాడు. మూడోది చెప్పడు. తండ్రి చెప్పనివ్వలేదేమో, ఈలోగా "ప్రశస్త వస్త్రము" తెమ్మని కేక వేసేశాడు. కొడుకు కూలివాడిగా మారే దరఖాస్తు ఆ ఇంట్లో తీసుకోలేదు.

పెద్దకొడుకుని చూడండి. ఇల్లు వదల్లేదు, తప్పు చేయలేదు. కానీ ఇన్నేళ్ళూ సేవ చేశాను, ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అని అడిగాడు. ఇంట్లోనే ఉండి లోపల కూలివాడయ్యాడు. మనలో ఎక్కువమందిది ఈ రకమే. తండ్రి అతన్నీ "కుమారుడా" అనే పిలిచాడు.

ఒక ఫిర్యాదు. మన సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవాళ్ళకీ సీటు వచ్చినవాళ్ళకీ చప్పట్లు కొడతాం. రానివాడు వెనక బెంచీలో తలొంచుకుని కూర్చుంటాడు. వాడికి మనం ఏ సువార్త చెప్పినట్టు? మా మందిరంలో ఒకసారి నీట్ తప్పిన అమ్మాయి లేచి, "సీటు రాలేదు, నేను ఇంకా దేవుని కూతుర్నే, ప్రార్థన చేయండి" అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను విన్న మంచి సాక్ష్యాల్లో అదొకటి.

"నేను" చచ్చిపోవాలంటారు కదా. అంటే సొంత వ్యక్తిత్వం ఉండకూడదా?

"ఇకను జీవించువాడను నేను కాను" అన్న పౌలు ఆ మాట తరవాత ముద్దలా మారిపోలేదు. ఆ ఉత్తరంలోనే కోప్పడ్డాడు, బతిమాలాడు. ఇంకో ఉత్తరంలో, త్రోయలో వదిలొచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెచ్చిపెట్టమని అడిగాడు. చలి పట్టే మనిషి, చదువు పిచ్చి ఉన్న మనిషి, అలాగే ఉన్నాడు. చచ్చిందల్లా తన నీతిని తానే నిరూపించుకోవాలనే ఆరాటం.

"నిన్ను నువ్వు ఉపేక్షించుకో" అన్న మాటని మొగుడి దెబ్బలు భరించమని ఆడవాళ్ళకి చెప్పడానికి వాడటం నేను విన్నాను. అది వాక్యాన్ని వంకర తిప్పడం. యేసు ఎవరినీ అలా నేలకేసి రాయలేదు. నడుము వంగిపోయిన స్త్రీని నిటారుగా నిలబెట్టి, "అబ్రాహాము కుమార్తె" అన్నాడు.

పెద్ద తప్పు చేశాను. ఇంకా నేను ఆయన బిడ్డనేనా?

యేసుని బంధించిన రాత్రి పేతురు చలిమంట దగ్గర నిలబడి ఆయనెవరో నాకు తెలీదన్నాడు. కొన్నాళ్ళకి సముద్రం ఒడ్డున మళ్ళీ నిప్పులు కనపడ్డాయి, వాటి మీద చేపలున్నాయి. యేసు ముందు భోజనం పెట్టాడు, తరవాత "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు. అడిగేటప్పుడు పేతురు అనలేదు, "సీమోనూ" అని పాత పేరుతో మూడుసార్లు పిలిచాడు. ఆ నిప్పుల వాసనకి పేతురుకి ఏం గుర్తొచ్చి ఉంటుందో మీకు తెలుసు. ఒప్పుకోవాల్సినవాళ్ళ దగ్గర ఒప్పుకోండి, సరిదిద్దగలిగింది సరిదిద్దండి.

సంఘమే నన్ను గాయపరిచింది. అప్పుడు?

దూరంగా ఉండటం తప్పు కాదు, ఒంటరిగా ఉండిపోవడం ప్రమాదం. ఇద్దరు ముగ్గురితో కలిసి ప్రార్థించే చోటు వెతుక్కోండి. డబ్బు, ఒంటి మీద చేయి, బెదిరింపు లాంటివైతే అది క్షమాపణ ప్రసంగంతో తేలే విషయం కాదు, పోలీసుల పని.

ఎప్పుడూ దిగులుగా ఉంటోంది. విశ్వాసం తక్కువా?

కాకపోవచ్చు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట పంపింది రొట్టె, నీళ్ళు, నిద్ర. డాక్టర్ని కలవండి. 14416కి ఫోను చేస్తే టెలి-మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. ప్రార్థనా మాత్రా పోట్లాడుకోవు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్కు సువార్త. పదహారు అధ్యాయాలే, రెండు గంటల్లో అయిపోతుంది. చదువుతూ ఒక కాగితం మీద, యేసు ఎవరెవరిని ఏమని పిలిచాడో రాసుకోండి. రక్తస్రావంతో పన్నెండేళ్ళు పక్కకి నెట్టబడ్డ స్త్రీని "కుమారీ" అన్నాడు. పక్షవాయువు రోగిని "కుమారుడా" అన్నాడు. తరవాత ఇంకో కాగితం మీద, ఇప్పటిదాకా మిమ్మల్ని ఎవరెవరు ఏమని పిలిచారో రాయండి, బడిలో పెట్టిన వెక్కిరింపు పేరుతో సహా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. నేను చెప్పగలిగిన పద్ధతి ఇదొక్కటే.

మా నాన్నమ్మ ఈ మధ్యే ప్రభువు దగ్గరికి వెళ్ళారు. ఊళ్ళో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. సమాధి మీద ఏది చెక్కించాలి?

మాకూ ఇదే వచ్చింది. మా నాన్నమ్మకి ఇంట్లో పెట్టిన పేరు పెంటమ్మ, పుల్లమ్మ కోవలోది. చెత్తకుప్ప అర్థం వచ్చే పేరు. మందిరంలో ఇచ్చినది కరుణ అని అర్థం వచ్చేది. చిన్నప్పుడు నాకు ఆ మొదటి పేరంటే సిగ్గు. ఊరివాళ్ళు అవమానించడానికే పెట్టారనుకునేవాణ్ని.

ఒక వేసవిలో రాగి జావ కలుపుతూ ఆవిడే చెప్పింది. తనకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. నాలుగోసారి పుట్టిన పిల్లని వాళ్ళమ్మ చాటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టి, "ఇది చెత్త, దీన్ని తీసుకుపోకు" అని చావుకి చెప్పి, మళ్ళీ ఎత్తుకుందట. ఆ పేరు అలా వచ్చింది. "మాయమ్మ నన్ను బతికించుకోడానికి పెట్టిన పేరయ్యా అది. అయ్యగారు ఇచ్చింది బతికినందుకు వచ్చిన పేరు. రెండూ నావే," అంది.

ఆవిడ పోయాక రాయి చెక్కే మేస్త్రీ అక్షరానికి ఇంతని లెక్క చెప్పాడు. రెండు పేర్లయితే ఖర్చెక్కువ, పాతది బ్రాకెట్లో చిన్నగా పెడదామా అని అడిగాడు. మా నాన్న వద్దన్నాడు. రెండూ ఒకే సైజులో చెక్కమన్నాడు.